ఊరంతా విన్న అమెరికా ఉత్తరం

పందొమ్మిదో శతాబ్దపు ఐర్లండ్‌లో ఇంటి పిల్లాడు అమెరికా బయల్దేరుతున్నాడంటే, ముందురోజు రాత్రి శవజాగారంలాంటిది చేసేవారు. దాన్ని అమెరికా జాగారమనే పిలిచేవారు. ఇరుగుపొరుగు వచ్చి తెల్లవార్లూ ఆడి, పాడి, ఏడ్చి సాగనంపేవారు. బతికున్నవాడికి జాగారమేమిటంటే, వెళ్లినవాడు మళ్లీ కంటబడతాడన్న ఆశ వాళ్లకు లేదు మరి. అలా తెగిందనుకున్న బంధాన్ని నిలబెట్టింది ఉత్తరం.

1840లో క్యునార్డ్ వారి ఆవిరి ఓడ బ్రిటానియా లివర్‌పూల్ నుంచి బోస్టన్‌కు టపా మోయడం మొదలుపెట్టింది. అర ఔన్సు ఉత్తరానికి షిల్లింగు. ఐర్లండ్‌లో వ్యవసాయ కూలీ రోజంతా కష్టపడినా అంత చేతికొచ్చేది కాదు. అందుకే కొందరు కాగితం నిండిపోయాక దాన్ని అడ్డం తిప్పి, రాసిన వరసల మీదుగానే మళ్లీ రాసేవారు. ఉత్తరం మొదట్లో క్షేమసమాచారం, దేవుడి దయ. ఆ తర్వాత పని, జీతం, కలిసిన ఊరివాళ్ల కబుర్లు.

1845లో బంగాళాదుంపకు తెగులు సోకి మహాక్షామం వచ్చింది. సుమారు 10 లక్షలమంది చనిపోయారు, అంతకు మించి దేశం విడిచారు. అప్పటినుంచి ఉత్తరంతో పాటు డబ్బూ మరింత ఎక్కువగా రాసాగింది. 1848లో ఉత్తర అమెరికా నుంచి ఐరిష్ కుటుంబాలకు చేరిన మొత్తం 4,60,000 పౌండ్లని బ్రిటిష్ వలస అధికారులు లెక్కగట్టారు. 1853కల్లా అది 14 లక్షలు దాటింది. న్యూయార్క్‌లో ఐరిష్ వలస సంఘంవారు 1850లో ఒక పొదుపు బ్యాంకే పెట్టారు. పెద్దిళ్లలో అంట్లు తోమి, వంట చేసిన ఆడపిల్లలు అందులో కూడబెట్టుకుని ఇంటికి పంపేవారు. క్రిస్మస్ ముందు వచ్చే డ్రాఫ్టుతో ఇంటి అద్దె బాకీ, కొట్టు బాకీ తీరేవి.

ఉత్తరం వచ్చినా చదువుకోగలవాళ్లు తక్కువ. 1841 జనగణన నాటికి ఐదేళ్లు దాటినవారిలో సగానికి పైగా నిరక్షరాస్యులు. పంతులుగారో ఫాదరో చదివిపెడుతుంటే చుట్టుపక్కలవాళ్లూ చేరేవారు. పడమటి జిల్లాల్లో ఇంగ్లిషు రాని తల్లికి బిడ్డ ఇంగ్లిషులో రాసిన మాటలు ఇంకొకరు ఐరిష్‌లో చెప్పాల్సి వచ్చేది. బిడ్డ రహస్యంగా చెప్పుకోవాల్సినవి ఎన్ని రాయకుండా వదిలేసిందో!

నాకు బాధ కలిగించేది మరొకటి. చాలాసార్లు ఆ కవరులోనే చెల్లెలికో తమ్ముడికో ఓడ టికెట్ ఉండేది. వెళ్లినవాళ్లు మరొకరికి పంపేవారు. ఇంటిని ఆదుకున్న ఉత్తరమే ఇంటిని ఖాళీ చేసింది. 1841లో 80 లక్షలు దాటిన ఐర్లండ్ జనాభా 1911కి 44 లక్షలైంది.

1866లో అట్లాంటిక్ తంతి కేబుల్ ఐర్లండ్‌లోనే, కెర్రీ జిల్లా తీరంలోని వాలెన్షియా దీవి నుంచి వేశారు. 20 మాటలకు 20 పౌండ్లు, వలసలు జోరుగా సాగిన ఆ కెర్రీలో రైతుకు అందే ధర కాదు. ఉత్తరం మాత్రం చవకవుతూ వచ్చింది. 1908 నుంచి అమెరికాలో 2 సెంట్ల బిళ్ల అంటిస్తే ఐర్లండ్ చేరేది. ఇళ్లలో మిగిలిన ఆ పాత ఉత్తరాలను చరిత్రకారుడు కెర్బీ మిల్లర్ దశాబ్దాలపాటు వేలల్లో సేకరించారు. వాటిని గాల్వే విశ్వవిద్యాలయం ఇప్పుడు ఎవరైనా చదువుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టింది.