రీగన్ వర్సెస్ కాంగ్రెస్: డబ్బు సంచి తాళం ఎవరి చేతిలో ఉంది?

1986లో బ్రునై సుల్తాన్ దగ్గర నుంచి స్విట్జర్లాండ్‌లోని ఒక బ్యాంక్ అకౌంట్‌కి కోటి డాలర్లు బయల్దేరాయి. చేరాల్సిన చోటికి మాత్రం చేరలేదు. ఎందుకంటే అకౌంట్ నంబర్‌లో రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి. డబ్బు ఏ సంబంధమూ లేని మనిషి అకౌంట్‌లో పడింది. మనం ఫోన్‌లో ఒక్క అంకె తప్పు కొట్టి ఐదొందలు ఎవరికో పంపేసి తల పట్టుకుంటాం కదా, అదే కథ, కోటి డాలర్లతో.

నవ్వొస్తుంది కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. అంత డబ్బున్న అమెరికా ప్రభుత్వం వాళ్ళు ఇంకో దేశపు సుల్తాన్ దగ్గర చెయ్యి చాచడం ఏంటి? సమాధానం సింపుల్. ఆ పనికి డబ్బు ఇవ్వం అని వాళ్ళ పార్లమెంటే, అంటే కాంగ్రెస్, సంచికి తాళం వేసేసింది. ఆ తాళం ఎందుకు పడిందో తెలియాలంటే 1981కి వెళ్ళాలి.

ఆ ఏడాది రిపబ్లికన్ పార్టీకి చెందిన రోనల్డ్ రీగన్ ప్రెసిడెంట్ అయ్యాడు. ఆయన ప్లాన్‌లో మూడు ముక్కలు: పన్నులు తగ్గించాలి, సంక్షేమ ఖర్చు కోయాలి, సైన్యానికి ఖర్చు పెంచాలి. ఆగస్టులో పన్నుల చట్టం పాసైంది. బాగా సంపాదించేవాళ్ళ మీద గరిష్ఠ పన్ను 70 శాతం నుంచి 50కి దిగింది. రక్షణ ఖర్చేమో 1981లో సుమారు 15,700 కోట్ల డాలర్లు ఉన్నది, 1985కల్లా 25,000 కోట్లు దాటింది.

రాబడి తగ్గి ఖర్చు పెరిగితే ఏమవుతుందో మన ఇంట్లో అమ్మని అడిగినా చెప్తుంది. 1983లో బడ్జెట్ లోటు మొదటిసారి 20,000 కోట్ల డాలర్లు దాటింది. రీగన్ వచ్చినప్పుడు దేశం అప్పు దాదాపు లక్ష కోట్ల డాలర్లు. దిగిపోయేనాటికి రెండున్నర లక్షల కోట్లు దాటేసింది.

తప్పు ఎవరిది? దిగువ సభ స్పీకర్ టిప్ ఓనీల్, డెమోక్రాట్. ఆయన వైపు వాదన: డబ్బున్నోళ్ళకి పన్ను తగ్గించి, ఆయుధాలకి కుమ్మరించి, పేదవాళ్ళ పథకాలు కోస్తున్నారు. రీగన్ వైపు వాదన: సోవియట్ యూనియన్ ఎదురుగా ఉంటే సైన్యంలో పొదుపు కుదరదు, మీ సభే మిగతా ఖర్చులు తగ్గించనివ్వట్లేదు. నిజానికి ఇద్దరూ చెరో ముక్క నిజమే చెప్తున్నారు. 1983లో వృద్ధుల పెన్షన్ పథకం ఖాళీ అయ్యే పరిస్థితి వస్తే ఇదే ఇద్దరూ కూర్చుని రాజీ కుదుర్చుకున్నారు కూడా. అంటే గొడవ ఉన్నా ఆట నియమాల లోపలే ఉంది.

నియమాలు దాటింది విదేశాంగ విధానం దగ్గర. 1979లో నికరాగ్వాలో సాండినిస్టాలు అనే వామపక్షం అధికారంలోకి వచ్చింది. వాళ్ళకి క్యూబా, సోవియట్ యూనియన్ అండ ఉంది కాబట్టి ఇది అమెరికా భద్రత సమస్య అన్నాడు రీగన్. వాళ్ళ మీద పోరాడే కాంట్రాలనే తిరుగుబాటుదారులకి సీఐఏ ద్వారా సాయం మొదలుపెట్టాడు. డెమోక్రాట్లకి మాత్రం ఇంకో వియత్నాం కనిపించింది.

1982 డిసెంబర్‌లో ఎడ్వర్డ్ బోలాండ్ అనే డెమోక్రాట్ ఒక సవరణ తెచ్చాడు: నికరాగ్వా ప్రభుత్వాన్ని కూల్చే ఉద్దేశంతో పైసా ఖర్చు పెట్టకూడదు. దిగువ సభలో 411-0తో పాసైంది. రిపబ్లికన్లు కూడా ఓటేశారు! ఎందుకు? ఆ "ఉద్దేశం" అనే పదం వల్ల. మా ఉద్దేశం కూల్చడం కాదు, పక్క దేశం ఎల్ సాల్వడార్‌కి ఆయుధాలు వెళ్ళకుండా ఆపడమే అని ప్రభుత్వం వాదించింది. నేను కోడ్ రాసే రోజుల్లో రిక్వైర్‌మెంట్‌లో ఒక్క పదం వదులుగా ఉంటే ఏమయ్యేదో నాకు బాగా గుర్తు. ఎవరికి కావాల్సిన అర్థం వాళ్ళు తీసుకునేవాళ్ళు.

1984లో నికరాగ్వా రేవుల్లో సీఐఏ మందుపాతరలు పెట్టించిందని బయటపడింది. సెనేట్ 84-12తో ఖండించింది. రిపబ్లికన్ దిగ్గజం బారీ గోల్డ్‌వాటర్ స్వయంగా సీఐఏ డైరెక్టర్‌కి కోపంగా ఉత్తరం రాశాడు. అదే ఏడాది అక్టోబర్‌లో రెండో బోలాండ్ సవరణ వచ్చింది. ఈసారి లొసుగు మూసేశారు: సీఐఏ, రక్షణ శాఖ, ఇంటెలిజెన్స్ పని చేసే ఏ సంస్థా కాంట్రాల యుద్ధానికి ఖర్చు పెట్టకూడదు.

అప్పుడు పని వైట్‌హౌస్‌లోని జాతీయ భద్రతా మండలి సిబ్బందికి మారింది. ఆ లిస్టులో మా పేరు లేదు అన్నది వాళ్ళ లాజిక్. ఆలివర్ నార్త్ అనే సైనికాధికారి చక్రం తిప్పాడు. సౌదీ నుంచి డబ్బొచ్చింది. బ్రునై కోటి కూడా మానవతా సాయం పేరుతో ఇలా బయల్దేరిందే. ఇంకోవైపు రహస్యంగా ఇరాన్‌కి ఆయుధాలమ్మి, ఆ లాభంలో కొంత కాంట్రాలకి మళ్ళించారు. 1986 నవంబర్‌లో ఒక లెబనాన్ పత్రిక ఇరాన్ డీల్ బయటపెట్టడంతో మొత్తం కుప్పకూలింది.

కాంగ్రెస్ విచారణ జరిపింది. కమిటీలో 26 మంది. పదిహేను మంది డెమోక్రాట్లు, ముగ్గురు రిపబ్లికన్ సెనేటర్లు కలిసి ఇది చట్టాన్ని తప్పించుకోవడమే అని రాశారు. మిగతా 8 మంది రిపబ్లికన్లు వేరే రిపోర్ట్ ఇచ్చారు: తప్పులు జరిగాయి, కానీ విదేశాంగ విధానంలో ప్రెసిడెంట్ చేతులు కాంగ్రెస్ ఇంతగా కట్టేయకూడదు. ఆ రిపోర్ట్ వెనక ముఖ్యుడు డిక్ చేనీ. తర్వాత వైస్ ప్రెసిడెంట్ అయ్యింది ఈయనే.

నార్త్‌కి పడ్డ శిక్ష అప్పీల్‌లో నిలబడలేదు. 1992 క్రిస్మస్ ముందురోజు ప్రెసిడెంట్ బుష్ ఈ వ్యవహారంలో ఆరుగురికి క్షమాభిక్ష ఇచ్చేశాడు.

నా వరకు పాఠం ఇది. కాంట్రాలకి సాయం చెయ్యాలా వద్దా అన్నదాంట్లో రెండు పక్షాలకీ వాదన ఉంది. 1986లో కాంగ్రెసే మళ్ళీ 10 కోట్ల డాలర్లు మంజూరు చేసింది కూడా. అంటే వాదించి, ఓట్లు తెచ్చుకునే దారి మూసుకుపోలేదు. ట్రెజరీ నుంచి పైసా తీయాలంటే చట్టం కావాలని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ఉంది. ఓడిపోయిన ఓటుని దొడ్డిదారిన గెలవడం మొదలుపెడితే, ప్రజలు వేసే ఓటుకి విలువేముంది?

మీకు నచ్చిన నాయకుడే ఇలా చేస్తే ఒప్పుకుంటారా? నిజాయితీగా ఆలోచించి కామెంట్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.