మెన్షియసు దర్శించిన హుయ్ రాజు: ఒక కాలనిర్ణయ చర్చ

చీనాదేశపు ప్రాచీన చరిత్రను చదువువారికి మొదట కలుగు చిక్కు రాజుల పేళ్లతోనే. ఆ దేశమున రాజు మరణించిన పిమ్మట నాతని నడవడిని బట్టి యొక గౌరవనామమును నిర్ణయించు నాచారముండెను. గ్రంథములలో రాజులు సాధారణముగా నా పేళ్లతోనే కనబడుదురు. అందులకు వాడుకలోనున్న యక్షరములు కొన్నియే యగుటచే నొక్కొక్క పేరు పలువురికి సంక్రమించినది. దయాగుణమును సూచించు ‘హుయ్’ అను నామమునే చూడుడు. జౌ వంశమున క్రీ. పూ. 7వ శతాబ్దిలో నొక హుయ్ రాజు, చూ రాజ్యమున 5వ శతాబ్దిలో మఱియొకడు, యెన్ రాజ్యమున 3వ శతాబ్దిలో నింకొకడు కలరు. ఇవి చాలవన్నట్లు చిన్ రాజ్యమున నొక హుయ్‌వెన్ రాజు, జావ్ రాజ్యమున వేఱొక హుయ్‌వెన్ రాజును గలరు.

మెన్షియసు గ్రంథము తెఱచినంతనే యెదురగు లియాంగ్ హుయ్ రాజు వీరిలో నెవ్వడును గాడు. ఆతడు వేయ్ రాజ్యాధిపతి. రాజధానిని ఆన్‌యీ నుండి నేటి కైఫెంగు నగరమున్న తాలియాంగునకు మార్చుటచే నాతనికి లియాంగ్ రాజని ప్రసిద్ధి కలిగినది. (ఆ కాలముననే వేయ్ అను చిన్న రాజ్యము మఱియొకటి యుండెను. చి రాజ్యమునేలిన యొక రాజు పేరును వేయ్. చీనా లిపిలో మూడును వేర్వేఱు చిహ్నములు. మన లిపిలో మూడును నొక్కటియే.) కావున వ్యక్తి యెవ్వడను విషయమున వివాదము లేదు. వివాదమంతయు నాతడెప్పుడు మరణించెననియే. అది తేలినగాని మెన్షియసు యాత్రాక్రమము తేలదు.

సీమా చియెన్ తన ‘షీజి’ యను మహాచరిత్రమున హుయ్ రాజు 36 సంవత్సరములును, ఆతని కుమారుడు శ్యాంగ్ 16 సంవత్సరములును, పిమ్మట ఆయ్ అను రాజు 23 సంవత్సరములును పాలించిరని వ్రాసెను. ఈ లెక్కను బట్టి హుయ్ రాజు క్రీ. పూ. 335లో గతించినట్లగును.

కాని మెన్షియసుతో రాజు చెప్పుకొన్న దుఃఖమును పరిశీలింపుడు. తూర్పున చి రాజ్యముచే నోడి పెద్దకుమారుని గోల్పోతిననియు, పడమట చిన్ రాజ్యమునకు ఏడువందల లీల భూమిని వదలుకొంటిననియు, దక్షిణమున చూ రాజ్యముచే నవమానితుడనైతిననియు నాతడు వాపోయెను. మొదటిది 341 నాటి మాలింగ్ యుద్ధము. దానితో చిక్కు లేదు. నదికి పడమటనున్న భూమిని చిన్ వారికప్పగించుట 330లోను, షాంగ్ మండలపు పదునైదు పట్టణములనిచ్చుట 328లోను జరిగినవి. చూ సేనాని జావ్ యాంగ్ శ్యాంగ్‌లింగ్ కడ వేయ్ సైన్యమునోడించి యెనిమిది పట్టణములను గైకొన్నది 323లో. (గీసిన పామునకు కాళ్లు చేర్చి పందెమోడినవాని కథ చెప్పబడినది ఈ సేనానికే.) 335లో మరణించినవాడు 323 నాటి యోటమిని తలచి దుఃఖించుటెట్లు? పైగా, శ్యాంగ్ సింహాసనమెక్కిన పిదప తండ్రికి రాజబిరుదమునిచ్చెనని షీజియే చెప్పుచున్నది. మెన్షియసు మాత్రము బ్రతికియున్న హుయ్‌నే రాజాయని సంబోధించుచున్నాడు.

ఈ ముడి విడుటకు సాధనము భూగర్భమున లభించినది. క్రీ. శ. 280 ప్రాంతమున జీ మండలమున నొక వేయ్ రాజు సమాధిని దొంగలు త్రవ్వగా, వెదురుబద్దలపై వ్రాసిన గ్రంథములు బయల్పడినవి. వానిలో నొకటి వేయ్ రాజ్యపు వార్షిక వృత్తాంతము. దానిని జూచిన దూ యూ మొదలగు పండితులు, హుయ్ రాజు 36వ యేట తన సంవత్సరగణనను మరల ఒకటి నుండి యారంభించి మఱి 16 సంవత్సరములు జీవించెనని తెలిపిరి. ఆతని తరువాత ఆ గ్రంథము పేర్కొను రాజు ‘ఇప్పటి రాజు’ ఒక్కడే. ఆతని 20వ యేట, అనగా క్రీ. పూ. 299లో, వృత్తాంతము ముగియును. ఆయ్ రాజునకు నడుమ చోటు లేదు.

ఇపుడు పొరపాటు స్పష్టము. 334లో చి రాజుతో శూజౌ కడ సమావేశమై యొకరినొకరు రాజులుగా నంగీకరించిన సందర్భమున హుయ్ రాజు క్రొత్తగణన నారంభించెను. ఆ రెండవ గణనను సీమా చియెన్ కుమారునిదనుకొనెను. కుమారునికి నిజముగా చెందిన 23 సంవత్సరములకు వేఱొక రాజును కల్పింపవలసి వచ్చెను. ఆయనను నిందింపరాదు. చిన్ చక్రవర్తి 213లో ఇతర రాజ్యముల వృత్తాంతములను తగులబెట్టించెను. మిగిలిన చిన్ వృత్తాంతములలో నెల, దినము సైతము లేవని ఆయనయే వాపోయినాడు.

1084లో ముగిసిన తన చరిత్రమున సీమా గ్వాంగ్ హుయ్ మరణమును 319కి సవరించెను. చిత్రమేమనగా, మెన్షియసు రాకను మాత్రము పాతలెక్క ప్రకారము 336లోనే యుంచెను. అట్లయిన నాచార్యుడు పదునేడు సంవత్సరములు లియాంగులో నేమి చేయుచుండెను? ఆ సంభాషణ 320 ప్రాంతమునదనుటయే యుక్తము. మరుసటి యేట హుయ్ గతించుట, మెన్షియసు శ్యాంగును జూచి రాజలక్షణము లేనివాడని పెదవి విఱుచుట, చి రాజ్యమునకేగి శ్వాన్ రాజు కొలువున 314 నాటి యెన్ దండయాత్రను గూర్చి మాటాడుట, ఇవన్నియు నపుడు వరుసగా నమరును.

ఇక జ్వాంగ్‌జీ గ్రంథమున ఎద్దును కోయు వంటవాని నేర్పునకబ్బురపడిన ‘వెన్‌హుయ్’ ప్రభువును పూర్వ వ్యాఖ్యాతలు ఈ హుయ్ రాజే యనిరి. వెదురు వృత్తాంతమున నీతని పూర్తిపేరు హుయ్‌ఛెంగ్, వెన్‌హుయ్ కాదు. ఒక్క యక్షరము కలిసినంతమాత్రమున నిరువురు నొక్కడే యనుట నే నంగీకరింపజాలను.