నీటిలో నిప్పురవ్వ

సముద్రాన్ని చేరబోయే ముందు గోదావరి పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఏర్పడిన సీమయే కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలవారికి నీరు దాటడం కొత్త కాదు. వంతెనలు లేని కాలంలో మోటారు వాహనాలు పంటుమీద రేవు దాటేవి. వంతెనలు వెలసిన తరువాత కూడా లంక గ్రామాల కాజ్‌వేలకు వరద బెడద తప్పలేదు. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు చాకలిపాలెం, కనకాయలంకల మధ్యనున్న కాజ్‌వే మునిగిపోయింది.

పాతకాలపు పెట్రోలు బండి ఇటువంటి నీటిలో దిగి నడిమధ్య ఆగిపోయిందంటే, తరుచుగా ఇంజనులో నిప్పురవ్వ పుట్టకపోవడమే అందుకు కారణం. ఈ రవ్వ కథ కోనసీమకు చాలా దూరాన మొదలైంది. 1860 లో ఫ్రాన్సులో లెన్వార్ తన గ్యాసు ఇంజనులో విద్యుత్ స్ఫులింగంతో ఇంధనాన్ని మండించాడు. 1902 లో జర్మనీలో బోష్ సంస్థకు చెందిన హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను రూపొందించాడు. 1910 ప్రాంతాన అమెరికాలో కెటరింగ్ బాటరీ, కాయిలు, డిస్ట్రిబ్యూటరులతో కూడిన పద్ధతిని కార్లలో ప్రవేశపెట్టాడు. బాటరీ ఇచ్చే 6 లేక 12 వోల్టులను కాయిలు వేలకొద్ది వోల్టులుగా పెంచుతుంది. అప్పుడే స్పార్కు ప్లగ్గు కొనల మధ్య రవ్వ దూకుతుంది.

ఇక్కడనే నీరు అడ్డు తగులుతుంది. శుద్ధజలం మంచి విద్యుద్వాహకం కాదు. కాని నదినీటిలో లవణాలు కరిగి ఉంటాయి. రేడియేటరు వెనుకనున్న ఫాను ఆ నీటిని ఇంజనుమీద చిమ్ముతుంది. ప్లగ్గు పింగాణీమీదనో, డిస్ట్రిబ్యూటరు మూత లోపలనో పలుచని తడిపొర పట్టితే చాలు, విద్యుత్తు ఆ పొర వెంట లోహభాగాలకు జారిపోతుంది. సిలిండరులోని ఒత్తిడి గల వాయువును చీల్చుకొని దూకడంకంటే ఆ దారి సులువు మరి.

రెండవ ప్రపంచయుద్ధంలో ఈ సమస్య ప్రాణాలమీదికి వచ్చింది. 1944 జూన్ 6 న నార్మండీ తీరంలో జీపులు, లారీలు పడవలనుండి సముద్రపు నీటిలో దిగవలసి వచ్చింది. ముందుగానే వాటి ప్లగ్గులకు, తీగలకు, డిస్ట్రిబ్యూటరుకు ఆస్‌బెస్టాసు కలిపిన గ్రీజు మెత్తారు. గాలిగొట్టాన్ని, పొగగొట్టాన్ని పైకెత్తి కట్టారు.

ఇది తాత్కాలికోపాయం. శాశ్వతంగా మూసివేయబోతే మరొక చిక్కు. మూత లోపల రవ్వలవల్ల ఓజోను పుట్టి భాగాలను తినివేస్తుంది; ఇంజను చల్లారినప్పుడు లోపలి గాలి సంకోచించి బయటి తేమను పీల్చుకుంటుంది. కనుక 1950 ప్రాంతాన అమెరికా సేనలో ప్రవేశించిన ఎం-38 జీపులో డిస్ట్రిబ్యూటరును నీరు చొరని పెట్టెలో బిగించి, గాలి ఆడటానికి సన్నని గొట్టాలతో ఎయిర్ క్లీనరుకు కలిపారు. నీటిని ఆపి గాలిని ఆడనివ్వడమే ఇందులోని కిటుకు.

భారతదేశంలో మహీంద్రా సంస్థ 1940ల చివర బొంబాయిలో కూర్పనారంభించిన పౌర జీపులలో ఇటువంటి ఏర్పాటు లేదు. అటువంటి బండ్ల డ్రైవర్లకు లోతునీటికి ముందు ఫాను బెల్టు తీసివేయడం, ఆగిపోయినచోట మూత విప్పి పొడిగుడ్డతో తుడవడం తెలిసిన ఉపాయాలు. డీజెలు ఇంజనులో రవ్వతో పనిలేదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. నేటి పెట్రోలు కార్లలో పాత డిస్ట్రిబ్యూటరు పోయి, ఒక్కొక్క ప్లగ్గుకు ఒక్కొక్క కాయిలు వచ్చింది.

రవ్వ తడవనంత మాత్రాన బండికి భయం లేదనుకోరాదు. గాలిగొట్టం గుండా సిలిండరులో నీరు చేరితే, నీరు గాలివలె కుదించుకుపోదు గనుక, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. డీజెలు ఇంజనుకూ ఇదే గతి.

ఇక ఆర్కిమెడీసు సూత్రం. 1,000 కిలోల కారు తేలడానికి 1 ఘనమీటరు నీటిని తొలగిస్తే సరిపోతుంది. దాని అడుగుభాగం 4 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు అనుకుంటే వైశాల్యం 6 చదరపు మీటర్లు. అంటే అడుగుభాగం 17 సెంటీమీటర్లు మునిగితే చాలు. అడుగుభాగం రోడ్డుకు మరొక 17 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, మొత్తం నీటిలోతు 34 సెంటీమీటర్లు, అడుగుకు కొంచెం పైన! లోపలికి నీరు చొరకముందే చక్రాలు పట్టు తప్పుతాయి. ఇంజను ఎంత చక్కగా పనిచేస్తున్నా ప్రవాహం బండిని పక్కకు తోసివేస్తుంది.

ఇగ్నిషనుకు చేసిన రక్షణ నిలకడగా ఉన్న కొద్దిపాటి నీటిని దాటడానికే ఉపకరిస్తుంది. పొర్లే కాజ్‌వేమీద వరద తీసేవరకు గట్టుమీద ఆగడమే క్షేమం.