మాటునుండి చూసే కన్ను: నాన్నజ్ బయళ్ళలో వన్యప్రాణుల చిత్రీకరణ

సోలాపూర్‌లోని కొంతం చౌక్ పరిసరాల నేతవాడల నుండి బార్శీ రహదారిలో సుమారు 20 కిలోమీటర్లు ప్రయాణిస్తే నాన్నజ్ వస్తుంది. బట్టమేకపిట్ట రక్షణకై 1979లో ఇక్కడ అభయారణ్యాన్ని ప్రకటించారు. మరాఠీ వారు ఈ పక్షిని మాళఢోక్ అంటారు. పేరుకు అరణ్యమే గాని, కనిపించేది పొట్టి గడ్డి, రాతినేల, నడుమ జొన్నచేలు. దాగడానికి చెట్టు చాటు లేని ఈ బయలే చిత్రీకరించేవారికి మొదటి పరీక్ష.

జంతువు తన సహజప్రవర్తనను మార్చుకోకుండా చూడటమే ఈ విద్యకు మూలం. తల ఎత్తి కెమెరా వైపు చూస్తున్న కృష్ణజింక ఎంత అందంగా ఉన్నా, అది మనిషిని గమనించిన జింక మాత్రమే. కాలినడకన వచ్చే మనిషిని చూస్తే దూరంగా పరుగెత్తే జింకలు, నిలిపి ఉంచిన వాహనాన్ని చాలావరకు సహిస్తాయి. అందుచేత అనుమతించిన బాటలో వాహనాన్ని ఆపి, ఇంజను కట్టి, కిటికీ అంచున జొన్నలు నింపిన గుడ్డసంచి వేసి దానిపై కెమెరాను ఆనించడం మేలు. 400 నుండి 600 మిల్లీమీటర్ల కటకం దూరాన్ని తగ్గిస్తుంది. కాని ఎండ ముదిరితే నేలనుండి లేచే వేడిగాలికి దృశ్యం నీటిలో నీడవలె వణుకుతుంది. దీనికి ఏ ఖరీదైన కటకమూ మందు కాదు. ఉదయపు తొలి రెండు గంటలు, సాయంత్రపు చివరి గంట మాత్రమే నిజంగా పనికివస్తాయి.

తోడేలు విషయంలో చూపుకంటే వాసన ముఖ్యం. గాలి జంతువు వైపు నుండి మనిషి వైపు వీచేలా కూర్చోవాలి. పిల్లలున్న గుహ దగ్గరకు వెళ్ళరాదు; అలజడి కలిగితే తల్లి పిల్లలను వేరే చోటికి తరలిస్తుంది.

పక్షులకు మాటు గుడారం అవసరం. నేలరంగు గుడ్డతో కట్టి, కొన్ని రోజులపాటు ఖాళీగా వదిలి, పక్షులు అలవాటుపడిన పిదప చీకటి ఉండగానే లోపలికి చేరాలి. సోలాపూర్ దుప్పట్ల రంగులు ఇంటికి శోభనిస్తాయి గాని ఇక్కడ పనికిరావు. పగలు ప్రవేశించక తప్పకపోతే, ఇద్దరు లోపలికి వెళ్ళి ఒకరు బయటకు రావడం పాత ఉపాయం. మాటు ఖాళీ అయిందని పక్షి భ్రమపడుతుంది.

బట్టమేకపిట్టకు మాత్రం ఈ ఉపాయాలన్నీ ప్రయోగించరాదు. ఆడపక్షి సాధారణంగా నేలపై ఒకే గుడ్డు పెడుతుంది. తల్లి బెదిరి లేస్తే కాకులు, కుక్కలు దానిని మిగల్చవు. వానకాలంలో మగపక్షి మెడసంచిని ఉబ్బించి, తోక ఎత్తి, దూరానికి వినిపించే గంభీరధ్వని చేస్తుంది. ఆ దృశ్యం ఎవరికైనా ప్రలోభమే. అయితే ఒకప్పుడు గుంపులుగా కనిపించిన ఈ పక్షి నాన్నజ్‌లో అత్యంత అరుదైపోయింది. కర్నూలు ప్రాంతపు రోళ్ళపాడులోనూ అదే గతి. 2011 నుండి ప్రపంచ పరిరక్షణ సంఘం దీనిని తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతిగా పరిగణిస్తున్నది. కనుక దూరపు అస్పష్టదృశ్యంతోనే తృప్తి చెందాలి.

అభయారణ్యంలో చిత్రీకరణకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ విభాగం ప్రకారం అనుమతి పొందాలి. ఆవాసానికి హాని కలిగించరాదన్న నిబంధనను 2022 సవరణ స్పష్టపరచింది. తీసిన ప్రతి దృశ్యానికీ తేదీ, సమయం, గాలి దిశ రాసుకోవడం ఉపయోగకరం. గూడు ఉన్న స్థలాన్ని మాత్రం అటవీ అధికారులకు తప్ప మరెవరికీ చెప్పరాదు.