డాలరెక్కిన చందమామ

1971లో అమెరికా టంకశాల విడుదల చేసిన డాలరు నాణేన్ని తిప్పి చూస్తే, గుంతలు పడ్డ చంద్రుడి నేల మీద ఒక గద్ద వాలుతూ ఉంటుంది. దాని గోళ్లలో ఆలివ్ కొమ్మ, పైన చిన్నగా మన భూమి. ఆ బొమ్మకు మూలం గీసింది మైకేల్ కాలిన్స్. అపోలో 11లో తోటివాళ్లు ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీద దిగితే, కక్ష్యలో ఒక్కడే తిరుగుతూ ఉండిపోయిన వ్యోమగామి.

ఆయన గీసింది నాణెం కోసం కాదు, యాత్ర చిహ్నం కోసం. నేషనల్ జాగ్రఫిక్ వారి పక్షుల పుస్తకంలోని గద్దను పల్చటి కాగితం పెట్టి దింపుకున్నాడు. మొదట కొమ్మ దాని ముక్కున ఉండేది. చాచిన గోళ్లు దాడికి దిగుతున్నట్టు ఉన్నాయని పైఅధికారులు అనడంతో కొమ్మను గోళ్లకు అందించారు. ముగ్గురు వ్యోమగాముల పేర్లూ దాని మీద వేయలేదు. ఈ పనిలో చెయ్యివేసిన వేలమందికీ ఆ చిహ్నం చెందాలన్నది వాళ్ల కోరిక. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఆ నిర్ణయమే.

చిహ్నం నాణెం మీదికి చేరడానికి మాజీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మరణం దారి వేసింది. నాసా పుట్టింది 1958లో, ఆయన హయాంలో. 1969 మార్చి 28న ఆయన పోయారు. నాలుగు నెలలు నిండకుండానే, జులై 20న మనిషి చంద్రుడి మీద దిగాడు. 1970 చివరి రోజున అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టంతో రెండు గౌరవాలూ ఒకే నాణెంలో కలిశాయి: ముందు ఐసెన్‌హోవర్, వెనక అపోలో. చెక్కింది ఫ్రాంక్ గాస్పారో. 38.1 మిల్లీమీటర్ల ఆ నాణెం జేబుకు బరువై, నెవాడా జూదశాలల్లో తప్ప పెద్దగా చలామణీ కాలేదు. 1978తో ఆగింది. గద్ద మాత్రం మరుసటి ఏడాదే సుసాన్ బి. ఆంథోనీ డాలరు మీదికి ఎగిరింది.

సోవియట్ వాళ్లు మనిషి ముఖాన్నే ముద్రించారు. వ్యోమగామి గగారిన్ యాత్రకు ఇరవై ఏళ్లు నిండిన 1981లో ఆయన రూపంతో రూబులు వచ్చింది.

మన దగ్గర అంతరిక్ష విజయాలను తలచే పని నోట్లు చేశాయి. రెండు రూపాయల నోటు వెనక ఆర్యభట ఉపగ్రహం ఉండేది. శ్రీహరికోట నుంచి 2013లో బయల్దేరిన మంగళయాన్ 2016లో రెండు వేల నోటెక్కింది. కూరగాయలకిచ్చే రెండు రూపాయల మీద ఉపగ్రహం ఉండటమే నిజమైన స్మారకం అని నా నమ్మకం.

2019లో అపోలో స్వర్ణోత్సవానికి అమెరికా తెచ్చినవి సేకర్తల నాణేలు. అవి వంపు తిరిగి ఉంటాయి: లోపలికి వంగిన వైపు బూటు ముద్ర, ఉబ్బెత్తు వైపు ఆల్డ్రిన్ హెల్మెట్ అద్దం, అందులో ఫొటో తీస్తున్న ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రతిబింబం. వీటి మీదా వ్యోమగాముల పేర్లు లేవు. మెర్క్యురీ, జెమిని, అపోలో అన్న కార్యక్రమాల పేర్లే. అమ్మకాల్లో కొంత సొమ్మును స్మిత్‌సోనియన్ అంతరిక్ష మ్యూజియానికీ, వ్యోమగాముల పేర నడిచే స్మారక, ఉపకారవేతన సంస్థలకూ చట్టమే కేటాయించింది.