పూజలో జమ్మి, పొలంలో జమ్మి

తెలుగు సాహిత్యంలో జమ్మిచెట్టు ప్రసిద్ధి విరాటపర్వంతో ముడివడి ఉన్నది. అజ్ఞాతవాసానికి పూనుకొన్న పాండవులు ఆయుధాలు దాచినది దానిమీదనే. విజయదశమినాడు తెలుగువారు ఆ చెట్టుకు ప్రదక్షిణం చేస్తారు. తెలంగాణలో దాని ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి దీవెనలందుకొంటారు. వానలు కురియనప్పుడు విరాటపర్వం చదివించే ఆచారమూ ఈ నేలమీద ఉన్నది. వానకోసం చదివే ఆ కథలోని చెట్టు, వాన కరవైన ఒక సీమలో వ్యవసాయాన్నే నిలబెట్టిన సంగతి మాత్రం తెలుగు పాఠకునికి అంతగా పరిచితం కాదు.

ఆ సీమ మార్వాడ్. అక్కడ జమ్మి పేరు ఖేజ్రీ. దానిని అక్కడి రైతు సాధారణంగా నాటడు. తనంతట మొలచిన మొక్కను నాగలి తప్పించి కాపాడుతాడు. దాని క్రిందనే సజ్జ, పెసర, గోరుచిక్కుడు పండిస్తాడు. వేరు చాలా లోతుకు పోతుంది. పైరు తాగే పైపొర తేమమీదనే అది ఆధారపడదు. చిక్కుడు కుటుంబానికి చెందినది కనుక నత్రజనితో నేలకు బలమిస్తుంది. పంట ఇంటికి చేరిన పిదప, శీతకాలంలో కొమ్మలు నరుకుతారు. లూంగ్ అనే ఆ ఆకు ఒంటెలకు, మేకలకు మేత. ముళ్లకొమ్మ కంచెకు, వంటచెరకుకు పనికివస్తుంది. లేత కాయలు సాంగ్రీ. ఎండబెట్టి ఏడాది పొడుగునా కూర వండుకొంటారు. చెట్ల నడుమ రేగుజాతి పొద ఒకటి పెరుగుతుంది. ఏటా కోసినా మోడునుండి మరల చిగురించి, అదికూడా మేతనిస్తుంది. పైరు తప్పిన ఏట చెట్టు, పొద పశువును బ్రతికిస్తాయి. 1868–69 నాటి రాజపుతానా కరవులో జనం జమ్మిబెరడు దంచి పిండిచేసుకొని తిన్నారు.

ఈ నేపథ్యంలో చూచినప్పుడే బిష్ణోయీల చరిత్రకు పూర్ణార్థం స్ఫురిస్తుంది. 1485లో జాంభోజీ స్థాపించిన ఆ సంప్రదాయపు 29 నియమాలలో పచ్చనిచెట్టు నరకరాదన్నది ఒకటి. 1730లో జోధ్‌పూర్ రాజు అభయసింహుని మనుషులు సున్నపుబట్టీలకు కట్టెకోసం ఖేజడ్లీ గ్రామానికి వచ్చినప్పుడు అమృతాదేవి మొదలుగా 363 మంది చెట్లను కౌగిలించుకొని ప్రాణాలిచ్చారని ప్రసిద్ధి. దానిని కేవలం భక్తిగా పరిగణించడం అసమగ్రం. వారు కౌగిలించుకొన్నది తమ పశువుల మేతను, కరవునాటి కూటిని కూడా.

తరువాతి చరిత్ర వేరు. జమ్మికి దూరపు చుట్టమైన ఒక అమెరికా చెట్టును 1877లో కడప జిల్లా కమలాపురంలో అటవీశాఖ నాటింది. తెలుగువారు సర్కారుతుమ్మ అన్నది దానినే. 1940లో జోధ్‌పూర్ సంస్థానం దానికి రాజవృక్షమన్న గౌరవమిచ్చింది. అది త్వరగా పెరిగి కట్టె ఇచ్చిన మాట నిజమే; కాని ముళ్లపొదగా దట్టంగా అల్లుకొని క్రింద పైరును నిలువనీయదు. ఇటు జమ్మికి కష్టకాలం వచ్చింది. ట్రాక్టరు దున్నకం మొలకను మిగల్చదు, వేరును గాయపరుస్తుంది, భూగర్భజలం అడుగంటుతున్నది, బలహీనమైన చెట్టును వేరుతొలుచు పురుగు, శిలీంధ్రం ఎండబెడుతున్నాయి.

జమ్మి 1983లో రాజస్థాన్‌కు, 2014లో తెలంగాణకు రాష్ట్రవృక్షమైనది. గౌరవం తగినదే. కాని మార్వాడ్‌లో చెట్టును శతాబ్దాలపాటు కాపాడినది పూజ ఒక్కటే కాదు, పూజతో పెనవేసుకొన్న ప్రయోజనం. పొలంనుండి తొలగినచోట దసరాకు కొమ్మ తెచ్చి పాతుకొనవలసి వస్తున్నది. అనువాదకుడు ఖేజ్రీని జమ్మి అని తడువుకోకుండా తెలుగుచేయగలడు. లూంగ్, సాంగ్రీల దగ్గర మాత్రం అతని కలం ఆగుతుంది. బ్రతుకులో చోటున్న వస్తువుకే భాషలో ఇన్ని పేర్లు నిలుస్తాయి.