తుపాకి తన్ను: బరువు ఎవరి భుజాన?



పశువు తన్నుతుంది. తుపాకి కూడా తన్నుతుంది. మా కోహీర్ ప్రాంతంలో పెద్దవాళ్లు "తుపాకి తన్నింది" అనే అనేవారు. ఇంతకు మించిన పారిభాషిక పదం నేను కల్పించదలచుకోలేదు. మా పెదనాన్నగారి ఇంట పన్నెండు బోరు తుపాకి ఒకటి గోడమేకుకు వ్రేలాడుతూ ఉండేది. నాకు పదేండ్ల ప్రాయంలో ఆయన ఒకనాడు జామతోటలో దానిని నా భుజానికి ఆనించి, ఆకాశంలోకి ఒక్కసారి పేల్చనిచ్చారు. మూడు దినాలు కుడిచేయి పైకి లేవలేదు. అయితే నాకు గాఢంగా జ్ఞాపకమున్నది ఆ నొప్పి కాదు. నెల తరువాత మరల పేల్చమన్నప్పుడు, మీట నొక్కక మునుపే నా కళ్లు మూసుకుపోయాయి. ఈ టపా ఆ రెప్పపాటును గురించినది.

ఇది వ్రాయడానికి ఒక నిమిత్తం ఉన్నది. అమెరికాలో స్థిరపడిన నా పూర్వ విద్యార్థి ఒకడు అక్కడి అనుమతిపత్రంతో కొండలలో లేళ్లవేటకు వెళుతుంటాడు. మొన్న మాట్లాడుతూ, "సార్, మూడు కిలోల మాగ్నం తుపాకి కొన్నాను. మోయడానికి దూదిపింజె. కాని నాలుగు తూటాలు కాల్చేసరికి భుజం కమిలింది. ఇది నాకు పనికివస్తుందా?" అని అడిగాడు. నేను తెలుగు పండితుణ్ణి, వేటగాణ్ణి కాను. అయినా వాని ప్రశ్నకు చరిత్రలో సమాధానం ఉన్నదని తోచింది.

ముందు పదం సంగతి. మాగ్నం లాటిను శబ్దం. గొప్పది, పెద్దది అని అర్థం. మన "మహత్" శబ్దానికి జ్ఞాతి. మామూలు సీసాకు రెండింతలు పట్టే మద్యపు సీసాకు ఐరోపాలో ఆ పేరున్నది. తన తరగతిలోని మామూలు తూటాకంటె ఎక్కువ మందు పట్టే తూటాకూ అదే పేరు వచ్చింది. లండనులోని హాలండ్ అండ్ హాలండ్ వారు 1912లో తెచ్చిన .375 మాగ్నం వీటిలో సుప్రసిద్ధం.

ఇక లెక్క. గుండు ఎంత ద్రవ్యవేగంతో ముందుకు పోతుందో, తుపాకి అంతే ద్రవ్యవేగంతో వెనుకకు వస్తుంది. న్యూటను చెప్పిన నియమమే ఇది. పైన చెప్పిన .375 గుండు సుమారు 19 గ్రాములు తూగుతుంది. సెకనుకు 770 మీటర్ల వేగంతో గొట్టం వీడుతుంది. దానితోపాటు వెలువడే వాయువులను కూడా కలుపుకొని ఆ ద్రవ్యవేగాన్ని స్థూలంగా 20 అనుకుందాం. తుపాకి బరువు 4 కిలోలయితే అది సెకనుకు 5 మీటర్ల వేగంతో భుజాన్ని తాకుతుంది; ఆ తాకిడి శక్తి 50 జౌళ్లు. బరువును 3 కిలోలకు తగ్గిస్తే వేగం 6.7 మీటర్లు, శక్తి 67 జౌళ్లు అవుతాయి. ఒక కిలో తగ్గించినందుకు తన్ను మూడవ వంతు పెరిగింది. నడకలో కాళ్లకు మిగిలినదానికి భుజం వడ్డీ కట్టింది.

పూర్వులు ఈ చిక్కును ఎట్లా తీర్చుకున్నారు? తుపాకిని బరువుగానే ఉంచి, ఆ బరువును వేరొకరి భుజాన పెట్టారు. పౌను సీసంతో సమానమైన పన్నెండు గుండ్లు పోస్తే, అందులో ఒకటి పట్టే గొట్టం పన్నెండు బోరు. నాలుగే పోస్తే నాలుగు బోరు. అంటే ఒక్కొక్క గుండు 113 గ్రాములు. అటువంటి గుండును భరించడానికి పది కిలోల తుపాకి కావలసి వచ్చేది. దానిని దొర మోయడు. వెనుక బంటు మోస్తాడు, వేళకు అందిస్తాడు. ఏనుగు అంబారీ మీద కూర్చున్నవానికి అసలు బరువన్న మాటే లేదు.

మన హైదరాబాదు రాజ్యంలోనూ ఇదే మర్యాద. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ (పాలన 1869–1911) పులివేటలో పేరు మోసినవాడు. లాలా దీన్‌దయాళ్ తీసిన ఛాయాచిత్రాలలో ఆ వేటలు నేటికీ కనబడతాయి. తరువాత 1914లో సరయెవోలో హతుడైన ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ 1893లో ఈ రాజ్యానికి అతిథిగా వచ్చి వేటాడాడు. ప్రభువుల పేర్లూ, అతిథుల పేర్లూ చరిత్రకెక్కాయి. వారి తుపాకులు మోసిన బంట్ల పేర్లూ, డప్పులు కొట్టి పులిని తోలిన పల్లెజనుల పేర్లూ ఎక్కలేదు.

బంట్లు లేని వేటగాడు తన బరువును తానే మోయాలి. అప్పుడతడు తుపాకిని తేలిక చేయాలనుకుంటాడు. ఇది నేటి కోరిక కాదు. ఫ్రెడరిక్ సెలూస్ అనే ఆంగ్లేయుడు 1870లలో ఆఫ్రికాలో ఏనుగులను వేటాడుతూ నాలుగు బోరు తుపాకి పట్టాడు. పది కిలోలు ఉండవలసిన తరగతి అది. ఆయన చేతిది సుమారు ఆరు కిలోలే. అది భయంకరంగా తన్నేదనీ, తన నరాలను దెబ్బతీసి, ఆ తరువాత ఏ తుపాకి పట్టినా గురిని చెడగొట్టిందనీ, దానిని వాడినందుకు చింతిస్తున్నాననీ ఆయన స్వయంగా వ్రాసుకున్నాడు. అంతటి వేటగాని నరాలకే అది జరిగింది.

ఇక్కడ అసలు విషయానికి వస్తాను. కమిలిన భుజం వారంలో మానుతుంది. మనసులో చేరిన జంకు మానదు. తన్ను రాబోతున్నదని తెలిసిన దేహం మీట నొక్కే క్షణాన తనంతట తానే బిగుసుకొంటుంది, కన్ను మూసుకొంటుంది, గొట్టం రవంత కదులుతుంది. గుండె మీద పెట్టిన గురి దవడకో కాలికో తగులుతుంది. మృగం చావదు, గాయంతో పొదలలోకి పోతుంది.

ఆ పైన ఏమి జరగగలదో కుమావూఁ కొండలలోని చంపావత్ ఆడపులి కథ చెబుతుంది. జిమ్ కార్బెట్ 1907లో దానిని చంపాడు. అంతకు మునుపు అది 436 మందిని పొట్టన పెట్టుకున్నదని ఆయన లెక్క. పరిశీలించి చూస్తే దాని కుడివైపు కోరపళ్లు, పైదీ క్రిందిదీ, విరిగి ఉన్నాయి. పాత తుపాకి దెబ్బ. సహజమైన ఎరను పట్టలేక అది మనుషుల మీద పడిందని కార్బెట్ నిర్ణయం. ఆ మొదటి గుండు ఎందుకు తప్పిందన్నది కాదు నా ప్రశ్న. తప్పిన గుండు మూల్యాన్ని కాల్చినవాడు చెల్లించలేదు. కట్టెలకూ గడ్డికీ అడవికి పోయిన పేదలు చెల్లించారు.

మన నేలకు మరింత సమీపమైన ఉదాహరణ కెన్నెత్ ఆండర్సన్. ఆయన 1910లో సికింద్రాబాదు చెంత బొల్లారంలో జన్మించాడు, 1974లో మరణించాడు. 1954లో అచ్చయిన తన మొదటి పుస్తకంలో అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలోని నరభక్షక వ్యాఘ్రాన్ని గురించి ఒక అధ్యాయం వ్రాశాడు. ధూర్జటి కావ్యంలో తిన్నడు విల్లుతో తిరిగిన శ్రీకాళహస్తి అక్కడికి ఎంతో దూరం కాదు. ఆండర్సన్ రాజు కాడు. వెంట అంబారీలు లేవు. పెక్కుసార్లు కాలినడకనే తిరిగాడు. ఆయన ప్రియమైన తుపాకి .405 వించెస్టర్, 1895 నమూనా. నాలుగు కిలోలకు లోపు తూకం, 19 గ్రాముల గుండు, మడమకు వంపు తిరిగిన ఇనుపరేకు. లెక్క కడితే దాని తన్ను సుమారు 40 జౌళ్లు. ఆ రేకు వల్ల అది మరింత గట్టిగా తగిలేదని పట్టినవాళ్లందరి మాట. తేలికకూ శక్తికీ నడుమ ఆయన కుదుర్చుకున్న ఒడంబడిక అది. ఏండ్ల తరబడి ఒకే తుపాకిని వాడి, దాని తన్నును మచ్చిక చేసుకున్నాడు గనుక చెల్లింది.

అందరికీ అంత తన్ను అవసరమా? చంపావత్ పులిని చంపినందుకు కార్బెట్‌కు బహుమానంగా వచ్చినది .275 రిగ్బీ. ఆ తరగతి తుపాకి తన్ను 18 జౌళ్లకు అటూఇటుగా ఉంటుంది. అదే కొలత తూటాతో బెల్ అనే స్కాట్లండు వేటగాడు ఆఫ్రికాలో వందలాది ఏనుగులను కూల్చాడు. ఆ వధను నేను మెచ్చుకోవడం లేదు. గుండు పరిమాణంకంటె అది తగిలే చోటు ముఖ్యమని ఆ చరిత్ర నిరూపిస్తున్నది. చోటును నిర్ణయించేది జంకులేని చేయి.

నేడు తేలిక తుపాకులకు రబ్బరు మడమలు పెడుతున్నారు. గొట్టం కొసన రంధ్రాలున్న తొడుగులు బిగిస్తున్నారు. రబ్బరు తాకిడిని కొంత మెత్తపరుస్తుంది. తొడుగు తన్నును బాగా తగ్గిస్తుంది, కాని చెవులు చిల్లులు పడే మోత పుట్టిస్తుంది. భుజం దించుకున్నది చెవి ఎత్తుకున్నది.

కనుక మా శిష్యునికి ఇట్లా చెప్పాను: "నాయనా, లేడికి మాగ్నం అక్కరలేదు. తేలిక తుపాకి కావాలంటే చిన్న తూటా పట్టు. పెద్ద తూటానే కావాలంటే బరువు మోయి. రెండూ కావాలంటే మాత్రం, నీవు మిగుల్చుకున్న ఆ కిలో బరువును గాయపడిన మృగం మోస్తుంది." వాడు కొంతసేపు మౌనంగా ఉండి, "తిరిగి ఇచ్చేస్తాను సార్" అన్నాడు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు కాలం చెల్లింది, చెల్లవలసిందే. ఆ తరువాత కొన్నాళ్లకు మా పెదనాన్నగారు తమ తుపాకిని ఠాణాలో అప్పగించి వచ్చారు. గోడకు మేకు మాత్రం మిగిలింది. ఇప్పుడు దానికి పంచాంగం వ్రేలాడుతున్నది.